కాలిన స్లాబు, దిగిన బోరు: ఇంటి కరెంటు పోయేది ఎక్కడ?

కరెంటు పొదుపు అనగానే బల్బుల మాట వస్తుంది. నల్లగొండ, పాలమూరు ఇళ్లలో బల్బుల సంగతి ఎప్పుడో తేలిపోయింది. 60 వాట్ల గుండు బల్బు వేలాడిన చోట 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చి ఏళ్లు గడిచాయి. అయినా ఎండాకాలం బిల్లు దిగిరాలేదు. దక్షిణ తెలంగాణ ఇంట్లో కరెంటు ముఖ్యంగా రెండు పనులకు పోతుంది. పగలంతా పైకప్పు తాగిన వేడితో రాత్రంతా పెనుగులాడటం ఒకటి, బోరు అడుగు నుంచి నీళ్లు పైకి లాగడం రెండోది. ఈ రెండింటినీ ముట్టుకోకుండా ఫోన్ చార్జర్లు పీకేస్తూ, టీవీని రిమోట్‌తో కాక స్విచ్‌తో ఆపుతూ ఎంత జాగ్రత్తపడ్డా మీటరు మీద తేడా పెద్దగా కనిపించదు.

ఏసీ లేని ఒక మామూలు ఇంటికి మే నెల లెక్క వేస్తే ఇది తెలుస్తుంది. మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 15 గంటలు: నెలకు 101 యూనిట్లు. 200 వాట్ల కూలర్ పది గంటలు: 60 యూనిట్లు. బోరు మోటరు రోజుకు గంట: 33 యూనిట్లు. ఫ్రిజ్ 25. టీవీ, దీపాలు, మిక్సీ అన్నీ కలిపి మరో 24. మొత్తం 243. ఇందులో వేడితో పోట్లాటకు, నీళ్లకు పోయినవే 194.

ఈ 243 అనే అంకె బిల్లు దగ్గర చాలా ఖరీదైనది. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న గృహ వినియోగ రేట్ల ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి వంద 3.40 రూపాయల చొప్పున, రెండో వంద 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే రేటు తరగతి మారిపోయి, మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70 చొప్పున కట్టాలి. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం పక్కనపెట్టి చూసినా 200 యూనిట్లకు 820 రూపాయలు అయ్యేది, 201 యూనిట్లకు 1,027 దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకునే కుటుంబానికి దెబ్బ ఇంకా గట్టిది. 200 దాటిన నెలలో మొత్తం బిల్లూ తనదే. అందుకే ఏప్రిల్, మే నెలల్లో రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున మీటరు ఒకసారి చూసుకోవాలి. అప్పటికే 140 దాటితే మిగిలిన పది రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఇక వాతావరణం సంగతి. మన దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది ఏడాది సగటు. కృష్ణకు వరద వచ్చే జూలై నుంచి అక్టోబర్ వరకు జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ టర్బైన్లు తిరుగుతాయి. మార్చి దాటాక ఆ జలాశయాలు అడుగంటుతాయి. మే నెల రాత్రి పది గంటలకు ఫ్యాన్లు, కూలర్లు అన్నీ ఒక్కసారి తిరిగేటప్పుడు సౌర విద్యుత్తూ ఉండదు, జలవిద్యుత్తూ అంతంత మాత్రమే. ఆ భారం మోసేది బొగ్గు. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టింది నల్లగొండ గడ్డ మీదే కాబట్టి ఇది ఎక్కడో దూరాన ఉన్న పొగ కాదు. ఇక్కడ ఎండాకాలం రాత్రి మిగిల్చిన యూనిట్, వానకాలం పగలు మిగిల్చిన యూనిట్ కంటే విలువైనది.

మీటరు దగ్గర ఐదు నిమిషాలు

ఏ వస్తువు ఎంత తింటోందో తెలుసుకోవడానికి కొత్త పరికరం ఏదీ కొనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. 3200 ఉంటే ఆ దీపం 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ అయినట్టు లెక్క. ఇంట్లో అన్నీ ఆపేసి మోటరు ఒక్కటే వేసి, నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. ఆ సంఖ్యను 60తో హెచ్చించి 3200తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిమిషానికి 64 సార్లు వెలిగితే 1.2 కిలోవాట్లు. ఒక హార్స్‌పవర్ మోటరుకు అది మామూలే. 1.6 చూపిస్తే మాత్రం బేరింగ్ పట్టేసిందో, వైండింగ్ దెబ్బతిన్నదో చూపించుకోవాలి.

ఫ్యాన్ లాంటి చిన్న లోడుకు నిమిషం చాలదు, ఐదు నిమిషాలు చూడాలి. 75 వాట్ల పాత ఫ్యాన్‌కు ఐదు నిమిషాల్లో 20 సార్లు వెలుగుతుంది. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు (బ్రష్ లేని డీసీ మోటరుతో తిరిగే కొత్త రకం) ఏడెనిమిది సార్లే.

అన్నీ ఆపినా దీపం వెలుగుతూనే ఉంటే మూడు చోట్ల వెతకాలి. ఒకటి టీవీ కింద ఎప్పుడూ వేడిగా ఉండే సెట్‌టాప్ బాక్స్. రెండోది ఇన్వర్టర్. నాలుగైదేళ్లు నిండిన బ్యాటరీ చార్జ్ నిలబెట్టుకోలేక పగలూ రాత్రీ కరెంటు తాగుతూనే ఉంటుంది, తాగినదాన్ని వేడిగా వదిలేస్తుంది. అందులో డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోస్తే ఆ వయసు ఇంకా ముందే వస్తుంది. మన నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఈ రెండూ పీకేశాక కూడా దీపం ఆగకపోతే మూడోది వైరింగ్‌లో లీకేజీ. అప్పుడది పొదుపు సమస్య కాదు, ప్రాణాల సమస్య. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

పైకప్పు

ఐదంగుళాల కాంక్రీటు స్లాబు ఎండను వెంటనే కిందికి వదలదు. మిట్టమధ్యాహ్నం పైన పడిన వేడి లోపలి పక్కకు దిగడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అందుకే బయట గాలి చల్లబడే వేళకు గది మరింత ఉడుకుతుంది. మే నెలలో గాలి 44, 45 డిగ్రీలున్నప్పుడు నాచు పట్టి నల్లబడిన స్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ కప్పు కింద తిరిగే ఫ్యాన్ చేసేది వేడి కప్పుకు ఆనుకున్న గాలిని మంచం మీదికి తోయడమే. కాబట్టి ఫ్యాన్ మార్చడం కంటే ముందు స్లాబును తెల్లగా చేయాలి. నల్లబడిన కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో పాతిక, ముప్పై శాతం మాత్రమే తిప్పికొడుతుంది. కొత్తగా వేసిన సున్నం 70 శాతానికి పైగా తిప్పికొడుతుంది. గది లోపల రెండు నుంచి నాలుగు డిగ్రీల తేడా వస్తుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం అంటూ ఒకటి తెచ్చింది కూడా. 2028 దాకా నడిచే ఆ విధానం సంగతి చాలా ఊళ్లకు చేరనే లేదు.

వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు రెండు పూతలు వేయాలంటే 20 నుంచి 25 కిలోల రాళ్ల సున్నం కావాలి. పని ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో చేసుకుంటే మంచిది. మొదట స్లాబును కొబ్బరి పీచుతోనో గట్టి చీపురుతోనో రుద్ది కడగాలి. మట్టి మీద వేసిన సున్నం మట్టితోనే లేచిపోతుంది. పగుళ్లుంటే ముందే పూడ్చాలి. కప్పు కారడాన్ని సున్నం ఆపదు, ఆపుతుందనుకుని వేసేవాళ్లే ఎక్కువ.

సున్నం నానబెట్టేది ఇనుప డ్రమ్ములో. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్ల లెక్కన ముందు నీళ్లు పోసి, అందులో సున్నం కొంచెం కొంచెంగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు కుమ్మరిస్తే ఉడుకుతూ ఎగజిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. ఒక రోజంతా నానిన తర్వాత పాత గోనెగుడ్డతో వడగట్టాలి. పట్టు కోసం పది కిలోల సున్నానికి అర కిలో నుంచి కిలో వరకు ఫెవికాల్ డీడీఎల్ లాంటి జిగురు కలుపుతారు. తెల్ల సిమెంటు కూడా కలిపితే పూత గట్టిగా ఉంటుంది. కాకపోతే సిమెంటు కలిపినదాన్ని గంట, గంటన్నరలో వాడేయాలి, పొద్దున కలిపింది సాయంత్రానికి పనికిరాదు.

పూత ఎండ తగ్గాక, సాయంత్రం ఐదు తర్వాత వేయాలి. అంతకుముందు స్లాబు మీద నీళ్లు చల్లి తడి ఆరీ ఆరకుండా ఉంచాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎండిన వేడి స్లాబు సున్నంలోని నీటిని లాగేసుకుంటుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడాలంటే కొంత తడి ఉండాలి. అది దక్కకపోతే పూత పొడిగా మిగిలి, అడుగు వేస్తే అరికాలికి అంటుకుంటుంది. మొదటి పూత పలచగా, మరునాడు దానికి అడ్డంగా రెండోది. రెండు రోజులు పొద్దునా సాయంత్రం కాస్త నీళ్లు చిలకరించాలి. దుకాణంలో చాలా రోజులుగా మూతి విప్పి ఉన్న బస్తాలోని సున్నం గాలి తగిలి చచ్చి ఉంటుంది, నీళ్లలో వేస్తే ఉడకదు. అలాంటిది ఎంత రుద్దినా పట్టదు.

ఈ తెలుపు ఒక వానకాలం దాటదు. ఏటా వేసుకోవాలి, ఏప్రిల్‌లో ఒకసారి దుమ్ము ఊడ్వాలి. ఏటా ఈ శ్రమ వద్దనుకుంటే కూల్ రూఫ్ పెయింట్లు మూడు నాలుగేళ్లు ఉంటాయి, విరిగిన తెల్ల పింగాణీ పెంకులు పరిస్తే ఇంకా ఎక్కువ కాలం.

రేకుల ఇళ్ల కథ వేరు. స్లాబు రాత్రికి వేడి దాచుకుంటుంది, రేకు పగలే మంట పెడుతుంది. ఇనుప రేకు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది కాబట్టి సున్నం పెచ్చులూడిపోతుంది. దానికి తుప్పు గీకి, ప్రైమర్ వేసి, తెల్ల యాక్రిలిక్ పెయింట్ వేయాలి. పాత సిమెంటు రేకుల్ని మాత్రం తీగ బ్రష్‌తో ఎప్పుడూ గీకకూడదు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జీవితాంతం పోదు. తడిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, పైన రంగు వేయడమే. రేకుల మీద జొన్న చొప్పో ఈత మట్టలో పరిచే పాత పద్ధతి చల్లదనానికి బాగానే పనిచేస్తుంది గానీ పొయ్యి పొగ గొట్టం దగ్గర, కరెంటు వైరు కింద అది నిప్పుకు ఆహారం. లోపల థర్మాకోల్ సీలింగ్ పెట్టుకునే వాళ్లు కూడా ఇది ఆలోచించాలి.

స్లాబు మీద ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టేవాళ్లు దాన్ని నేల మీద పరిచినట్టు ఆనించి వదిలేస్తే ఫలితం పెద్దగా ఉండదు. రెండు మూడడుగుల ఎత్తున కట్టి, మధ్యలో గాలి ఆడనివ్వాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలికి నెట్టుతో పాటు పైపులూ లేచిపోతాయి కనుక నాలుగు మూలలా తాడు కట్టి, గాలి లేచినప్పుడు ఒక పక్క విప్పే వీలు ఉంచుకోవాలి.

ఫ్యాన్, కూలర్

స్లాబు తెల్లబడ్డాక ఫ్యాన్ల వంతు. పైన వేసిన లెక్కలో మూడు పాత ఫ్యాన్ల బదులు 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 101 యూనిట్లు 38కి దిగుతాయి. 243 కాస్తా 180 అవుతుంది. బిల్లు 1,351 నుంచి 724కు వస్తుంది. గృహజ్యోతి ఇల్లయితే సున్నా. మూడూ ఒకేసారి కొనలేకపోతే రాత్రంతా తిరిగే పడకగది ఫ్యాన్ ముందు మార్చాలి. ఎప్పుడో ఒకసారి తిరిగే వంటింటి ఫ్యాన్ మారిస్తే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్ తీసేసి మామూలు స్విచ్ పెట్టాలి. దాన్ని అలాగే ఉంచితే ఫ్యాన్ లోపలి బోర్డు కాలిపోవచ్చు, ఆ కాలిపోయినదానికి గ్యారంటీ చెల్లదంటారు. లో వోల్టేజీ ఉండే ఊళ్లకు ఈ ఫ్యాన్లు మరో రకంగా ఉపయోగం. పాత ఫ్యాన్ 170 వోల్టులకు ఈడ్చుకుంటూ తిరిగితే, ఇది దాదాపు అదే వేగంతో తిరుగుతుంది. ఇన్వర్టర్ మీద రెట్టింపు సేపు వస్తుంది.

పాతదాన్నే ఉంచుకోవాలనుకునేవాళ్లు దాని వేగం తగ్గితే ముందు కండెన్సర్ మార్పించాలి. మామూలుగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది, చవకలో అయిపోయే పని. వేగం తగ్గినంతగా దాని ఖర్చూ తగ్గిందనుకోవడం పొరపాటు.

మన ఎండాకాలం పొడి ఎండాకాలం. అందుకే ఇక్కడ కూలర్ అంత బాగా పనిచేస్తుంది. కోస్తాలో ఉక్కపోతకు అది పనికిరాదు. ఒక లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని లాక్కుపోతుంది. 200 వాట్లతో కూలర్ చేసే చల్లదనానికి ఏసీ 1,200, 1,500 వాట్లు అడగడంలో మర్మం ఇదే. కానీ కూలర్‌ను గది మూలన పెట్టి తలుపులు, కిటికీలు బిగించే ఇళ్లే ఎక్కువ. అరగంటలో గదిలో తేమ నిండి, ఒళ్లు జిడ్డుగా అయి, కూలర్ చెడిపోయిందని తిట్టుకుంటారు. కూలర్ వీపు కిటికీలో బయటికి ఉండాలి, ఎదురుగా ఇంకో కిటికీ కొద్దిగా తెరిచి ఉండాలి. అది పీల్చుకోవాల్సింది బయటి పొడి గాలిని.

బోరు నీళ్లలోని ఉప్పు ప్యాడ్ల మీద తెల్లగా పేరుకుంటుంది. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కడిగితే ప్యాడ్ల ఆయుష్షు పెరుగుతుంది, దోమ లార్వాలూ పోతాయి. గడ్డి ప్యాడ్లు ఏటా మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. ఇనుప బాడీ, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, ఈ మూడూ కలిసేది కూలర్ దగ్గరే. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ వైరు నిజంగా భూమికి అందిందో లేదో చూపించుకోవాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఒకటి మెయిన్ దగ్గర పెట్టించుకోవాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా తీయాలి.

ఏసీ ఉన్నవాళ్లకు ఒక్క మాట: 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోవాలి. ప్రతి డిగ్రీకి సుమారు 6 శాతం మిగులుతుంది.

నీళ్లు

వెయ్యి లీటర్ల నీళ్లను 300 అడుగుల లోతు నుంచి ఎత్తడానికి సిద్ధాంతపరంగా పావు యూనిట్ చాలు. ఇళ్లలో వాడే చిన్న మోటరు, పైపు కలిపి సామర్థ్యం 30, 35 శాతమే కాబట్టి నిజానికి 0.7 నుంచి 0.8 యూనిట్ అవుతుంది. అవే వెయ్యి లీటర్లు మిషన్ భగీరథ పథకం నల్లా నుంచి సంపులో పడితే, అక్కడి నుంచి ముప్పై అడుగుల మీది ట్యాంకుకు ఎక్కించడానికి 0.1 యూనిట్ సరిపోతుంది. ఏడెనిమిదింతల తేడా. అయితే నల్లా నీళ్లు ఊరికే వచ్చాయనుకోవడానికీ లేదు. సాగర్ వెనుక జలాల్ని పుట్టంగండి దగ్గర పెద్ద మోటర్లతో ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తేనే నల్లగొండ జిల్లాలో చాలా ఊళ్లకు కృష్ణ నీళ్లు అందుతున్నాయి. బిరడా లేని నల్లా కింద పారే నీళ్లలో ఆ కరెంటూ పారుతోంది.

బోరు ఇంకా లోతుకు వేస్తే పోలేదా అనే మాటకు నల్లగొండలో జవాబు చెప్పక్కర్లేదు. గ్రానైటు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిచిన నీరైతే అంత ఎక్కువ ఫ్లోరైడ్. లోతు పెరిగేకొద్దీ కరెంటూ పెరుగుతుంది, మోటరు మీద భారమూ పెరుగుతుంది.

మోటరు ఆరోగ్యం తెలుసుకోవడానికి తేలికైన దారి ట్యాంకు నిండే సమయం. డిసెంబరులో ఖాళీ ట్యాంకు నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో స్టార్టర్ డబ్బా మీద రాసి పెట్టుకోవాలి. అప్పుడు 40 నిమిషాలు పట్టింది ఏప్రిల్‌లో 65 పడితే ముఖ్యంగా కారణాలు రెండు. నీటిమట్టమైనా దిగి ఉంటుంది, లోపల నీటిని తోసే చక్రాలు, అంటే ఇంపెల్లర్లైనా అరిగి ఉంటాయి. వానలు పడ్డాక మళ్లీ 40కి రాకపోతే ఇంపెల్లర్లే. అలా అరిగినదాన్ని నడుపుతూ పోతే ప్రతి ట్యాంకుకూ ఒకటిన్నర రెట్లు కరెంటు పోతుంది. బోరు మధ్యలో ఎండి గాలి పడితే మోటరు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. డ్రై రన్ ఆపే పరికరం ధర రివైండింగ్ ఖర్చు ముందు చిన్నది. ట్యాంకు పొర్లడం ఆపే ఫ్లోట్ స్విచ్ ఇంకా చవక, పొర్లిన నీళ్లు గోడ వెంట కారే ఇల్లు వీధికి ఒకటైనా ఉంటుంది.

మోటరు వేసే వేళ కూడా చూసుకోవాలి. సాయంత్రం ఏడింటికి ఊరంతా మోటర్లు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ పడితే మోటరు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు వేస్తే మోటరుకూ మంచిది, గ్రిడ్‌లో సౌర విద్యుత్తు ఉండే వేళ కూడా అదే.

ఇక ఆకాశం నుంచి వచ్చే నీరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఏడాదికి 650 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే, ఐదో వంతు వృథా పోయినా 48,000 లీటర్లు దొరుకుతాయి. అంతా నిల్వ చేయడం కుదరదు. 5,000 లీటర్ల ట్యాంకు ఒకటి నింపుకుని మిగతాది ఇంకుడు గుంతకు వదలడమే ఆచరణ. సున్నం వేసిన స్లాబైతే మొదటి రెండు మూడు వానల నీళ్లు ట్యాంకులోకి రానివ్వకుండా పక్కకు మళ్లించాలి. ఇంకుడు గుంతకు మీటరు పొడవు, వెడల్పు, లోతు కనీసం. అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన దొడ్డు ఇసుక. ఏడాదికోసారి పై ఇసుకను తీసి కడిగి మళ్లీ వేయకపోతే రెండో వానకాలానికే గుంత మూసుకుపోయి నీళ్లు నిలుస్తాయి. కొందరు స్లాబు పైపును నేరుగా బోరు కేసింగ్‌లోకే దింపుతారు. ఆ ఒండ్రు బోరు ఊటల్ని పూడ్చేస్తుంది, పిట్టల రెట్ట తాగేనీళ్లలో కలుస్తుంది.

పెరడు

ఇంటికి పడమటి దిక్కున ఉన్న నీడ మిగతా మూడు దిక్కుల నీడకంటే ఎక్కువ పని చేస్తుంది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఏటవాలుగా పడే ఎండ గోడను సూటిగా కొడుతుంది, చజ్జాలు దాన్ని ఆపలేవు. స్థలం ఉంటే గోడకు 12, 15 అడుగుల దూరంలో వేపో కానుగో నాటాలి. అవి నీడ ఇచ్చేలోగా మునగ రెండేళ్లలో అక్కరకొస్తుంది. స్థలం లేకపోతే గోడకు అడుగు దూరంలో తీగలు కట్టి దొండ పాకించడం మేలు. సొర, బీర ఫిబ్రవరిలో విత్తితే ఏప్రిల్‌కు అల్లుకుంటాయి గానీ ఏటా వేయాలి, దొండ ఏళ్ల తరబడి ఉంటుంది. గోడకు ఆనించి పాకిస్తే తడి పట్టి సున్నం ఊడుతుంది, తేళ్లు చేరతాయి. ఆ అడుగు ఖాళీ అందుకే.

పెరటి మొక్కకు పోసే ప్రతి బిందె వెనుకా పైన చెప్పిన మోటరు ఉంది. బట్టలుతికిన నీళ్లు, స్నానాల నీళ్లు అరటికి, కొబ్బరికి, మెట్ట తామరకు మళ్లించవచ్చు. ఆకుకూరలకు వద్దు. సబ్బు పొడిలోని సోడియం నల్లరేగడిలో పేరుకుని నేలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎర్ర చెలకల్లో ఇంకిపోతుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. అయినా ఒకే చోట పారించకుండా మార్చి మార్చి వదలాలి. అంట్లు తోమిన నీళ్లలో నూనె, మెతుకులు ఉంటాయి. జల్లెడ పెట్టకుండా వదిలితే వారంలో కాలువ కంపు కొడుతుంది.

పాదులో మూడు నాలుగంగుళాల మందాన వేరుశనగ పొట్టు, వరిగడ్డి లేదా రాలిన ఆకు పరిస్తే నీళ్లు పోసే అవసరం బాగా తగ్గుతుంది. పాలమూరులో వేరుశనగ పొట్టుకు కరువు లేదు. ఆకును కుప్ప చేసి తగలబెట్టే అలవాటు కూడా దీంతోనే పోవాలి. ఎర్రనేలల్లో చెదల బెడద ఉంది కనుక పొట్టును మొదలుకు ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి, మామిడి, బత్తాయి మొక్కల దగ్గర మరీ జాగ్రత్త. కొత్త మొక్కల పక్కన రంగు వేయని మట్టికుండ మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే మూడు నాలుగు రోజులు ఊరుతూ ఉంటుంది. ఉప్పునీళ్లతో ఏడాదికి కుండ రంధ్రాలు పూడుకుపోతాయి. తీసి బ్రష్‌తో రుద్ది ఎండబెట్టాలి, అప్పటికీ ఊరకపోతే కొత్త కుండే.

పైన పలకలు

సోలార్ చివర రావడానికి కారణం ఉంది. 243 యూనిట్ల ఇంటికి మూడు కిలోవాట్లు కావాలనిపిస్తుంది, 180కి దింపుకున్న ఇంటికి రెండు చాలు. ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, దాదాపు వంద చదరపు అడుగుల జాగా అడుగుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో దానికి 18,000, మొత్తం 78,000 దాకా రాయితీ ఉంది. నెలనెలా 200 దాటే ఇంటికి ఇది గిట్టుబాటు. ఏడాది పొడుగునా సున్నా బిల్లు వచ్చే ఇంటికి సొంత డబ్బు పెట్టి పెట్టించుకుంటే తిరిగి వచ్చేది తక్కువ, అప్పుచేసి పెట్టించుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆగి లెక్క చూసుకోవాలి.

పలకలు దక్షిణానికి 15 నుంచి 17 డిగ్రీల వాలుతో ఉండాలి, మన అక్షాంశం కూడా అంతే. ఎండ ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువనుకుంటారు గానీ పలక వేడెక్కితే దాని సామర్థ్యం తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున. మే మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే 15 శాతం దాకా కోత. పలకలను స్లాబుకు దగ్గరగా కాక ఎత్తులో పెట్టించుకుంటే అడుగున గాలి ఆడుతుంది, స్లాబుకు నీడా వస్తుంది. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు, కాబట్టి బిగించే ముందే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎక్కడ పడుతుందో సుద్దతో గీత గీసి చూడాలి. దుమ్ము వారానికోసారి తెల్లవారుజామున కడగాలి. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఆరిన చోటల్లా తెల్ల మచ్చలు గట్టిపడతాయి, కడిగిన వెంటనే తుడిచేయాలి.

బ్యాటరీ లేకుండా, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి లెక్కకట్టే మామూలు నెట్ మీటరు సిస్టమ్‌లో, వీధిలో కరెంటు పోతే పట్టపగలైనా ఇంటి సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. కోతల నుంచి తప్పించుకోవడానికే సోలార్ అనుకునేవాళ్లు బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ ధర అడిగి, అప్పుడు నిర్ణయించుకోవాలి.